తెలిసిన కథే, కొత్తగా: అడ్వెంట్‌లో యేసు పుట్టుకను చదువుకునే పద్ధతి

గాడిద మీద మరియ, పశువుల పాక, ముగ్గురు జ్ఞానులు. యేసు పుట్టుక కథ చెప్పమంటే బైబిలు తెరవకుండానే ఇలా చెప్పేస్తాం. కానీ ఆ గాడిద, ఆ పాక, ‘ముగ్గురు’ అనే లెక్క ఏ సువార్తలోనూ లేవు. ఏటేటా నాటికలు, కార్డులు చూసి చూసి మన మనసులో స్థిరపడ్డ బొమ్మ అది. ఆ బొమ్మనే మళ్లీ మళ్లీ చూస్తుంటే సంతోషం ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి అడ్వెంట్‌లో, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలతో సాగే సిద్ధపాటు కాలంలో, ఆ పుట్టుకను చెప్పే రెండు సువార్తలను, లూకాను, మత్తయిని, విడదీసి చదవాలి.

బైబిలు, నోటు పుస్తకం, పెన్సిలు, రోజుకు పావుగంట చాలు. వాడుక భాషలో ఉన్న అనువాదం కూడా పక్కన ఉంటే మంచిది.

వారానికి ఒక్కటే భాగం. మొదటి వారం జెకర్యా, ఎలీసబెతు (లూకా 1:5-25, 57-80). రెండో వారం మరియ (1:26-56). మూడో వారం బేత్లెహేము (2:1-20). నాలుగో వారం మత్తయి 1. అడ్వెంట్ ఏటా 22 నుంచి 28 రోజుల మధ్య ఉంటుంది. 2026లో నవంబరు 29న మొదలవుతుంది. క్రిస్మస్ సోమవారం పడిన ఏడాది నాలుగో వారానికి మిగిలేది ఒక్క ఆదివారమే. బేత్లెహేమును మూడో వారంలో పెట్టింది అందుకే. అడ్వెంట్ దండలో (వారానికొక కొవ్వొత్తి వెలిగించే ఆకుల వలయంలో) గులాబీ రంగు కొవ్వొత్తి వెలిగించే సంతోషపు ఆదివారం కూడా ఆ వారానిదే.

రోజూ ఆ భాగాన్ని పైకి చదవండి, తర్వాత మూడు వచనాలు చేత్తో రాయండి. లూకా 2లోని ఇరవై వచనాలూ వారంలో పూర్తవుతాయి. కన్ను దాటేసే మాట దగ్గర చెయ్యి ఆగుతుంది.

2:7లోని ‘సత్రము’ అలాంటి మాటే. గ్రీకులో అక్కడ ఉన్నది ‘కటాలుమ’. అదే మాట 22:11లో, పస్కా భోజనం దగ్గర, మన బైబిల్లో ‘విడిది గది’ అయింది. మంచి సమరయుడు గాయపడినవాణ్ణి తీసుకెళ్లిన పూటకూళ్ల ఇంటికి (10:34) లూకా వేరే మాట వాడాడు. అందుకే చాలామంది పండితులు ఇది చుట్టాల ఇల్లేనని, విడిది గది నిండిపోయిందని భావిస్తారు. అప్పటి పల్లె ఇళ్లలో రాత్రిపూట పశువులను ఇంట్లోనే కట్టేవారు, తొట్టి కూడా అక్కడే ఉండేది. తలుపు వేసేసిన సత్రం యజమాని వచనంలో లేనే లేడు. పండగప్పటిలా చుట్టాలతో కిక్కిరిసిన ఇల్లు, ఉన్న చోటులోనే బాలింతకు ఇంత జాగా చేసిన మనుషులు: ఇలా ఊహించుకుని ఆ వచనం మళ్లీ చదవండి.

తర్వాత సంతోషం, ఆనందం అన్న మాటల కింద గీత గీయండి: లూకా 1:14, 1:44, 1:47, 1:58, 2:10. ప్రతిదాని పక్కనా ఆ మాట ఎవరిదో, దానికి ముందు ఏం జరిగిందో రాయండి. 1:14లోని, 2:10లోని సంతోషానికి కాస్త ముందే ‘భయపడకు’ అన్న మాట ఉంది. ఈ కథలో సంతోషం భయపడుతున్నవాళ్ల దగ్గరికే వస్తోంది.

పిల్లలుంటే మొదటి వారం ఒక సాయంత్రం దూత మాట నమ్మక మూగవాడైన జెకర్యాలా మాట్లాడకుండా, సైగలతో, పలక మీద రాతతో కథ చెప్పించండి (1:62-63). కొడుకు పేరు ‘యోహాను’ అని రాయగానే జెకర్యా నోరు తెరుచుకున్న ఘట్టం వాళ్ల మనసుకు అప్పుడు బాగా హత్తుకుంటుంది.

ఎక్కువగా బెడిసికొట్టేది తొందర వల్ల. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్ రౌండ్లు మొదలవుతాయి, కథ మొత్తం ఒక్క రాత్రిలో అయిపోతుంది. వాటికి వెళ్లండి, పాడండి. ఇంట్లో చదివేది మాత్రం ఆ వారపు భాగమే. ఇంకో పొరపాటు, చదవగానే ‘ఇందులో పాఠం ఏమిటి’ అని వెతకడం. వారం సగం గడిచేదాకా ఆ ప్రశ్న పక్కన పెట్టండి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చదవక్కర్లేదు, భాగం అదే కదా.

మత్తయి 2 క్రిస్మస్ తర్వాతకు ఉంచండి. జ్ఞానులు వచ్చింది ‘ఇంటిలోనికి’ (2:11), తొట్టి దగ్గరికి కాదు. డిసెంబరు 26 నుంచి ఎపిఫనీ, అంటే జ్ఞానుల రాకను తలచుకునే జనవరి 6 పండగ దాకా రోజుకు రెండు వచనాలు చదివితే 23 వచనాలూ అయిపోతాయి. నక్షత్రాన్ని చూసి వాళ్లు ‘అత్యానందభరితులై’ అన్న మాట (2:10) ఐదో రోజున, డిసెంబరు 30న వస్తుంది. దాని కిందా గీత గీయండి.