షార్‌కి వెళ్లే పిల్లలకు ఒక చిన్న చిట్కా

మీ పిల్లల్ని స్కూలు వాళ్లు షార్‌కి, అంటే శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రానికి, ప్రయోగం చూపించడానికి తీసుకెళ్తుంటే, బ్యాగులో ఒక మామూలు స్టాప్‌వాచ్ పెట్టండి. చేతి గడియారమైనా చాలు.

గ్యాలరీ నుంచి చూస్తే ముందు కనిపించేది వెలుగే. రాకెట్ పైకి లేస్తుంది, కానీ చప్పుడు ఉండదు. మంట కనబడగానే వాచ్ నొక్కమనండి, గర్జన చెవిని తాకగానే ఆపమనండి. వచ్చిన సెకన్లను 3తో భాగిస్తే ప్రయోగ వేదిక ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో సుమారుగా తెలుస్తుంది, ఎందుకంటే ధ్వని కిలోమీటరు నడవడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. తొమ్మిదో తరగతి ఫిజిక్స్ పాఠం వాళ్ల చేతుల్లోనే జరిగిపోతుంది. ఫోన్లో వీడియో తీసే పని టీచర్లకు వదిలేయమనండి. ఆ పొగ చార ఎలాగూ ఫోన్లో అగ్గిపుల్లలా కనిపిస్తుంది!

గుర్తింపు కార్డు, నీళ్లు, టోపీ ఎలాగూ తప్పవు. ప్రయోగం వాయిదా పడొచ్చని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. 2019 జులై 15న చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ 56 నిమిషాలు ఉందనగా ఆగిపోయింది, మళ్లీ 22న ఎగిరింది.

చలికాలమైతే సూళ్లూరుపేట దాటాక బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకోమనండి. పులికాట్ నీళ్లలో రాజహంసలు కనిపించొచ్చు.