తల్లికి వందనం: ఆధార్ లింక్ ఉన్నా డబ్బు జమ కానప్పుడు

గాజువాకలో ఉండే మా చెల్లెలికి చదువుకునే పిల్లల తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకం అర్హుల జాబితాలో పేరు వచ్చింది గానీ, ఖాతాలో జమ కావలసిన 13,000 రూపాయలు మాత్రం పడలేదు. వార్డు సచివాలయంలో చూపిన స్టేటస్‌లో ‘ఎన్‌పీసీఐ ఇనాక్టివ్’ అని ఉంది. ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో నమోదు చేసి ఉంచే జాతీయ చెల్లింపుల సంస్థే ఎన్‌పీసీఐ. రేషన్ కార్డు ఈకేవైసీ, పాస్‌బుక్ జిరాక్సు, ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పు, వేటివల్లా ఫలితం లేకపోయింది.

చివరకు మై ఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ తెరిస్తే, పెళ్లికి ముందు తెరిచి వదిలేసిన ఖాతా ఉన్న బ్యాంకు పేరు, దాని పక్కన ఇనాక్టివ్ అనీ కనిపించాయి. కేవైసీ కోసం ఆధార్‌ను ఎన్ని ఖాతాలకైనా ఇవ్వవచ్చు గానీ, ప్రభుత్వ నగదు బదిలీకి ఒక్క ఖాతాయే ఆధార్‌కు మ్యాప్ అవుతుంది (దీన్నే సీడింగ్ అంటారు); బ్యాంకు కౌంటర్‌లో ‘లింక్ అయ్యే ఉందమ్మా’ అన్నది మొదటిదైన కేవైసీ లింక్ గురించి.

ఇప్పుడు వాడుతున్న ఖాతా ఉన్న బ్రాంచికి ఆధార్, పాస్‌బుక్ తీసుకువెళ్లి, ఆధార్ సీడింగ్ సమ్మతి పత్రం అడిగి తీసుకున్నాము. అందులో కొత్తగా మ్యాప్ చేయమనే గడిని వదిలి, వేరే బ్యాంకు నుండి ఇక్కడికి మార్చమనే గడిలో టిక్ పెట్టి, పాత బ్యాంకు పేరు రాసి, రసీదు మీద ముద్ర వేయించుకున్నాము. అదే వెబ్‌సైట్‌లో కొత్త బ్యాంకు పేరు, యాక్టివ్ అని కనిపించాకే సచివాలయంలో అర్జీ పెట్టాము. ఆ తరువాత డబ్బు పడింది.

అయితే, నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం వంటి కారణంతో అనర్హులని తేలినవారికి ఈ పద్ధతి ఉపయోగపడదు.