ప్యానెల్ నడుస్తుండగా ఆ ఫైలు ముట్టుకోకండి: ఎక్స్ఎఫ్‌సీఈ వాడేవాళ్లకు జాగ్రత్తలు

గత వారం తెలిసినవాళ్ల డీటీపీ షాపులో పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తే ప్యానెల్ (స్క్రీన్ అంచున మెనూ, ఐకాన్లు ఉండే పట్టీ) మొత్తం మారిపోయి ఉంది. నెలల తరబడి అమర్చుకున్న లాంచర్లు (నొక్కగానే ప్రోగ్రామ్ తెరిచే ఐకాన్లు) లేవు. తెలుగు, ఇంగ్లీషు మార్చుకునే కీబోర్డు గుర్తు లేదు. అఫిడవిట్ టైపు చేయించుకోవడానికి వచ్చినాయన బయట బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ముందురోజు రాత్రి అక్కడ పనిచేసే కుర్రాడు ప్యానెల్ ఎత్తు కాస్త పెంచుదామని కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచాడు. జరిగింది అంతే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. అప్పటినుంచి పాత సిస్టమ్‌లలో మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ, జుబుంటు లాంటివి (ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో వచ్చే లినక్స్‌లు) ఎక్కించుకున్నవాళ్లు మన చుట్టూ చాలామంది కనిపిస్తున్నారు. మౌస్‌తో చేయాల్సిన మార్పులను కమాండ్లతో చేసేయాలన్న ఉత్సాహమూ వాళ్లలో పెరిగింది. మంచిదే. అయితే ఈ పనిలో జనాన్ని ముంచే తప్పు ఒకటుంది, మళ్లీ మళ్లీ అదే చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు తప్పు

ప్యానెల్ సెట్టింగులన్నీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫిగ్ (.config) అనే దాచిన ఫోల్డర్ కింద ఒక ఎక్స్ఎంఎల్ (ట్యాగులతో రాసిన టెక్స్ట్) ఫైలులో ఉంటాయి. తెరిస్తే చదవడానికి తేలిగ్గానే ఉంటుంది. సైజు 26 అని కనిపిస్తుంది, దాన్ని 36 చేసి సేవ్ చేస్తారు. ఏమీ మారదు. ప్యానెల్‌ను రీస్టార్ట్ చేస్తారు. అయినా మారదు. మళ్లీ ఫైలు తెరిస్తే ఒక్కోసారి పాత 26 తిరిగొచ్చి కూర్చుని ఉంటుంది.

దెయ్యం పని కాదిది. ప్యానెల్ ఆ ఫైలును నేరుగా చదవదు. మధ్యలో ఎక్స్ఎఫ్‌కాన్ఫ్‌డీ అనే ప్రోగ్రామ్ నడుస్తుంటుంది. అది ఫైలును ఒకసారి చదివి విలువలను మెమరీలో పెట్టుకుంటుంది. ప్యానెల్ ఏం అడిగినా ఆ మెమరీలోంచే జవాబిస్తుంది. ప్యానెల్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఎక్స్ఎఫ్‌కాన్ఫ్‌డీ మాత్రం అలాగే నడుస్తూ ఉంటుంది, కాబట్టి మీరు దిద్దింది దానికి తెలియనే తెలియదు. ఆ తర్వాత మీరు ప్యానెల్‌లో ఏ చిన్న సెట్టింగు మార్చినా, మెమరీలో ఉన్నదంతా ఫైలు మీద తిరగరాసేస్తుంది. మీ మార్పు పోతుంది.

ఇక్కడిదాకా నష్టం చిన్నదే. అసలు నష్టం తర్వాత వచ్చే విసుగుతో జరుగుతుంది. "ఫైలే పాడైనట్టుంది, తీసేస్తే కొత్తది వస్తుందిలే" అని డిలీట్ చేస్తారు. అప్పటికి స్క్రీన్ మీద ఏ తేడా ఉండదు, ఎందుకంటే మెమరీలో అన్నీ ఉన్నాయి. మర్నాడు లాగిన్ అయ్యేసరికి డిస్ట్రో (మీరు ఎక్కించుకున్న లినక్స్) ఇచ్చే డిఫాల్ట్ ప్యానెల్ వచ్చి నిలబడుతుంది. షాపులో జరిగింది ఇదే. లాంచర్ల డెస్క్‌టాప్ ఫైళ్లు వేరే ఫోల్డర్లలో భద్రంగానే ఉన్నాయి, కానీ ఏది ఎక్కడ ఉండాలో చెప్పే జాబితా పోయింది.

కాబట్టి మళ్లీ చెప్తున్నాను: ప్యానెల్ నడుస్తుండగా ఆ ఫైలును చేత్తో దిద్దకండి.

సరైన దారి

ఎక్స్ఎఫ్‌కాన్ఫ్-క్వెరీ (xfconf-query) అనే కమాండ్ ఉంది, అదే వాడండి. అది ఫైలును ముట్టుకోదు, ఎక్స్ఎఫ్‌కాన్ఫ్‌డీతోనే మాట్లాడుతుంది. ప్యానెల్ సైజు లాంటివి ఎంటర్ కొట్టగానే కళ్లముందే మారతాయి, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

మార్చేముందు అదే కమాండ్‌తో పాత విలువ ఎంతో చదివి ఒక కాగితం మీద రాసుకోండి. లేని ప్రాపర్టీని (అంటే ఒక సెట్టింగును) కొత్తగా సృష్టించేటప్పుడు దాని రకం (అంకెా, టెక్స్టా అన్నది) కూడా చెప్పాలి. అంకె ఉండాల్సిన చోట టెక్స్ట్ పెడితే కమాండ్ నోరెత్తదు, ప్యానెల్ మాత్రం పట్టించుకోదు.

ప్లగిన్-ఐడీస్ అనే ప్రాపర్టీ దగ్గర మాత్రం చెయ్యి ఆపి ఒక నిమిషం ఆలోచించండి. ప్యానెల్‌లో ఎడమనుంచి కుడికి ఏ వస్తువు తర్వాత ఏది రావాలో చెప్పే అంకెల వరుస అది. అందులో 1, 2, 3, 4, 5, 6 ఉన్నాయనుకుందాం. కొత్తగా 15 చేర్చాలంటే ఏడు అంకెలూ వరుసగా ఇవ్వాలి. ఒక్క 15 ఇచ్చి ఎంటర్ కొడితే అది పాతవాటి పక్కన చేరదు, వాటన్నిటి స్థానంలో కూర్చుంటుంది. రీస్టార్ట్ చేశాక ప్యానెల్‌లో పాత వస్తువులేవీ ఉండవు.

బ్యాకప్ గురించి ఒక్క ముక్క. సెట్టింగులన్నిటినీ లిస్ట్ చేసి టెక్స్ట్ ఫైలులో దాచుకుంటే బ్యాకప్ అయిపోయినట్టే అనుకుంటారు. కాదు. కొన్ని వెర్షన్లలో ఆ లిస్టు ఇలాంటి వరుసల విలువలను చూపించదు, అంటే సరిగ్గా మీకు కావాల్సిందే అందులో ఉండదు. ఎక్స్ఎఫ్‌సీఈ4-ప్యానెల్-ప్రొఫైల్స్ (xfce4-panel-profiles) అనే టూల్ ఉంది. దాంతో సేవ్ చేస్తే లాంచర్లతో సహా ఒకే ఫైలులోకి వస్తాయి. టెర్మినల్ నుంచీ పనిచేస్తుంది. పని మొదలుపెట్టేముందు అది నడపండి.

తప్పనిసరిగా ఫైలునే దిద్దాల్సి వస్తే పూర్తిగా లాగౌట్ అవ్వండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి నల్ల స్క్రీన్‌లో లాగిన్ అవ్వండి. మీ పేరు మీద ఎక్స్ఎఫ్‌కాన్ఫ్‌డీ ఇంకా నడుస్తోందేమో పీగ్రెప్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌లను వెతికే కమాండ్)తో చూడండి, ఉంటే ఆపండి. అప్పుడు దిద్దండి. ఇంత తతంగం ఎందుకు అనిపిస్తే క్వెరీ కమాండ్ వాడండి.

ఇవి కూడా

– సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపేది) వద్దు. మీ ప్యానెల్ మీ యూజర్‌ది. సుడోతో ఇచ్చిన కమాండ్ రూట్ (అడ్మిన్ యూజర్) సెట్టింగులను వెతుక్కుంటూ పోతుంది. సుడోతో ఎడిటర్ తెరిస్తే మీ హోమ్ ఫోల్డర్‌లో రూట్ పేరు మీద ఫైళ్లు మిగిలిపోవచ్చు, తర్వాత వాటిలో రాయడం మీవల్ల కాదు.

– పక్కవాళ్ల కమాండ్ పేస్ట్ చేయొద్దు. వాళ్ల సిస్టమ్‌లో ప్లగిన్-12 గడియారం కావచ్చు, మీ దాంట్లో అది నోటిఫికేషన్ ఐకాన్ల చోటు. ఆ అంకెలు ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోలా ఉంటాయి. వెర్షన్ మారితే ప్రాపర్టీ పేర్లూ మారొచ్చు.

– అన్నీ రీసెట్ చేసే కమాండ్‌లో ఒంటి స్లాష్ పెట్టొద్దు. ప్యానెల్ సెట్టింగులన్నీ పోతాయి. "నిజంగానా?" అని అడగదు.

– ఎస్ఎస్‌హెచ్ (వేరే సిస్టమ్ నుంచి లాగిన్) నుంచో, క్రాన్ (అనుకున్న వేళకు కమాండ్ నడిపేది) నుంచో నడిపితే క్వెరీ కమాండ్‌కు మీ డెస్క్‌టాప్ సెషన్ తాలూకు డీబస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) చిరునామా తెలియకపోవచ్చు. అప్పుడు ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వచ్చింది కదా అని ఫైలు దిద్దడానికి వెళ్లకండి. డీబస్ చిరునామా సెట్ చేసి మళ్లీ నడపండి.

– ప్యానెల్‌ను ఆపేసి ఉన్నప్పుడు "సెషన్ సేవ్ చేయి" టిక్కు పెట్టి లాగౌట్ అవ్వొద్దు. ప్యానెల్ లేని సెషనే సేవ్ అవుతుంది. అలా జరిగిపోతే డాట్ క్యాష్ కింద ఉన్న సెషన్స్ ఫోల్డర్ ఖాళీ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి.

– ఒకసారికి ఒక్క మార్పే.

– షాపు తెరిచే వేళ వద్దు. ఆన్‌లైన్ దరఖాస్తులకు ఆఖరి రోజున అసలే వద్దు.

– కేడీఈ ప్లాస్మా (ఇంకో లినక్స్ డెస్క్‌టాప్) వాడేవాళ్లకూ ఇదే గండం. ప్లాస్మాషెల్ (అక్కడ ప్యానెల్‌ను నడిపే ప్రోగ్రామ్) ఆగిపోయేటప్పుడు తన దగ్గరున్నది ఫైలులో రాసి మరీ పోగలదు. ముందు ప్లాస్మాషెల్ ఆపాలి, తర్వాత దిద్దాలి, ఆ తర్వాతే మొదలుపెట్టాలి. క్రమం తప్పకండి. నడుస్తుండగా మాత్రం ముట్టుకోకండి.

– మాటే (ఇది కూడా ఒక లినక్స్ డెస్క్‌టాప్) వాడేవాళ్లు: మీ సెట్టింగులు డీకాన్ఫ్ అనే వ్యవస్థ తాలూకు బైనరీ ఫైలులో (మనం చదవగలిగే టెక్స్ట్ కాదు) ఉంటాయి. దాన్ని ఎడిటర్‌తో తెరవొద్దు. సెట్టింగులు బయటికి తీయడానికి డీకాన్ఫ్ డంప్, తిరిగి ఎక్కించడానికి డీకాన్ఫ్ లోడ్ వాడండి, అదీ ప్యానెల్ దారి (పాత్) పూర్తిగా రాసి. రీసెట్‌కు ఒంటి స్లాష్ ఇస్తే ప్యానెల్‌తో ఆగదు, డీకాన్ఫ్‌లో ఉన్న మీ సెట్టింగులన్నీ పోతాయి.

– ప్యానెల్ మాయమైతే పవర్ బటన్ నొక్కొద్దు. ఫైలు డిలీట్ చేయొద్దు. ఆల్ట్, ఎఫ్2 నొక్కండి, వచ్చిన చిన్న పెట్టెలో ఎక్స్ఎఫ్‌సీఈ4-ప్యానెల్ (xfce4-panel) అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. పెట్టె రాకపోతే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి అప్లికేషన్ల మెనూలోంచి టెర్మినల్ తెరిచి అక్కడ అదే టైపు చేయండి. ప్యానెల్ ఊరికే ఆగిపోయి ఉంటే అప్పుడే తిరిగొస్తుంది. డిఫాల్ట్ ప్యానెల్ వస్తే ఒక్క ఐకాన్ కూడా జరపకుండా, ముందు దాచుకున్న ప్రొఫైల్‌ను లోడ్ చేయండి.