విశాఖలో పాత వాల్వు రేడియో కొని విదేశానికి పంపడం ఎలా?

విదేశాల్లో పాత వాల్వు రేడియోలు (లోపల గాజు గొట్టాల్లాంటి వాల్వులతో పనిచేసేవి) సేకరించేవాళ్లు ముందుగా అడిగేది రేడియో వెనక మూసే అట్ట ఫొటో. తర్వాత నాబ్‌లు అసలువేనా, చెక్కకు ఎవరైనా కొత్త పాలిష్ కొట్టించారా అంటారు. మోగుతుందా అనేది ఆ తర్వాతి మాట. మోగకపోతే బాగుచేసుకోవడం వాళ్లకు సరదా. అందుకే కొన్నాక ముస్తాబు చేయించకండి, తడి లేని మెత్తటి గుడ్డతో దుమ్ము దులిపితే చాలు.

1. వెతకడం

పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ వైపు పాత సామాన్ల కొట్లలో అడగొచ్చు. కానీ కొట్టుదాకా వచ్చిన సెట్టు అప్పటికే రెండు చేతులు మారి, ఓ నాబో అట్టో పోగొట్టుకుని ఉంటుంది. మంచివి ఇళ్లలోనే దొరుకుతాయి. వన్‌టౌన్, అల్లిపురం, కంచరపాలెం లాంటి చోట్ల పాత ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేటప్పుడు అటక మీది సామాను కిందికి దిగుతుంది. ఆ కబురు ముందుగా తెలిసేది పాతకాలపు రేడియో మెకానిక్కులకే. వాళ్లతో పరిచయం పెంచుకోండి. "మా మావయ్యగారి రేడియో బాబూ, అమ్మం" అని ఇంటావిడ అంటే అక్కడితో ఆపేసి, నంబరిచ్చి వచ్చేయండి. బతిమాలి కొన్నది మనసుకి పట్టదు.

మర్ఫీ, ఫిలిప్స్, బుష్, హెచ్‌ఎంవీ, జీఈసీ, నేషనల్ ఎకో ఇక్కడ ఎక్కువగా కనిపించే పేర్లు. డయల్ గాజు మీద సిలోన్, కలకత్తా, మద్రాసు అని ఊళ్ల పేర్లున్న మన దేశపు మోడళ్లంటే బయటివాళ్లకు మోజు ఎక్కువ. ఒకప్పుడు పోస్టాఫీసులో ఏటా కట్టించుకున్న రేడియో లైసెన్సు పుస్తకం ఇంట్లో ఉంటే అదీ అడగండి. అందులో యజమాని పేరు, చిరునామా ఉంటాయి కాబట్టి ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే తీసుకోండి.

2. చూసి కొనడం

మన ఊళ్లో రేడియోకి పెద్ద శత్రువు ఉప్పుగాలి. అట్ట విప్పించి టార్చి వేసి చూడండి. చాసిస్ (భాగాలన్నీ బిగించిన లోపలి లోహపు చట్రం) మీద తెల్లపొడి, తుప్పు ఎంత ఉంది? స్టేషన్లు మార్చే గ్యాంగ్ కండెన్సర్ రేకులు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతున్నాయా? చెక్క అడుగున సన్నటి రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి ఉంటే పుచ్చు ఇంకా తొలుస్తోందని లెక్క. అలాంటిది వదిలేయండి. పగిలిన డయల్ గాజుకి బదులు ఇంకోటి దొరకడం దాదాపు అసాధ్యం. వాల్వు పోతే మాత్రం బెంగ లేదు, దొరుకుతుంది.

"ఇదిగో చూడండి" అంటూ కొట్టువాడు ప్లగ్ పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. ఏళ్ల తరబడి పక్కన పడున్న సెట్టులో మైనం కాగితపు కండెన్సర్లు లీకవుతాయి, ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయి ఉంటుంది. నేరుగా 230 వోల్టులిస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. మెకానిక్ దగ్గర సీరీస్ బోర్డు మీద, అంటే కరెంటు బల్బు గుండా వెళ్లి సెట్టుకి చేరేలా, 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి చూడాలి. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు.

ఇంకో సంగతి ప్రాణానికి సంబంధించింది. వాల్వుల పేర్లు యూసీహెచ్81, యూఎల్84, యూవై85 ఇలా 'యూ'తో మొదలైతే అది ఏసీ-డీసీ సెట్టు, అంటే రెండు రకాల కరెంటుతోనూ నడిచేది. అందులో చాసిస్‌కే కరెంటు వచ్చే వీలుంది. ప్లగ్‌లో ఉండగా వెనక చెయ్యి పెట్టకూడదు.

అన్నీ సరిగా ఉంటే రెండు మీటర్ల తీగ ఏరియల్‌గా కట్టి, మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్ దగ్గర ఆకాశవాణి విశాఖపట్నం కోసం వెతకండి. డయల్ మీటర్లలో ఉంటే సుమారు 324 దగ్గర. మోగితే వీడియో తీసి కొనేవారికి పంపండి.

3. బేరానికి ముందే రవాణా లెక్క

ప్రైవేటు కొరియర్లు చాలావరకు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, వచ్చిన అంకెనే కిలోల బరువుగా లెక్కేస్తారు. 70, 45, 45 కొలతల పెట్టెకి 28 కిలోలు దాటుతుంది, లోపలి రేడియో పది కిలోలే అయినా సరే. పోస్టాఫీసు పార్శిల్‌కి బరువు పరిమితి దేశాన్ని బట్టి మారుతుంది, 20 కిలోలకే ఆపేసే దేశాలు చాలా ఉన్నాయి. పెద్ద చెక్క సెట్టుకైతే వెల కంటే పంపే ఖర్చే ఎక్కువ కావచ్చు. చిన్న బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) సెట్లే లాభం.

4. కాగితాలు

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువుల్ని సొంతంగా ఎగుమతి చేయకూడదు. 1950, 60ల రేడియోలకు ఆ చిక్కు లేదు. వయసు మీద అనుమానం వస్తే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. అమ్మకంగా పంపేటప్పుడు డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) ఇచ్చే ఐఈసీ, అంటే ఎగుమతి-దిగుమతి కోడ్ నంబరు కావాలి, దరఖాస్తు రుసుము 500 రూపాయలు. కస్టమ్స్ ఫారంలో "పాత వాల్వు రేడియో, వాడినది" అని రాసి, హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్ వాళ్లు సరుకు రకాన్ని గుర్తించే అంకె) 8527, అసలు ధర వేయండి. గిఫ్ట్ అని రాయమని కొనేవారు అడిగినా రాయకండి. అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు సరుకులకిచ్చే సుంకం మినహాయింపు ఎత్తేసింది కాబట్టి, ఆ భారం ఎవరిదో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

5. ప్యాకింగ్

దారిలో రేడియోని పగలగొట్టేది చాలాసార్లు దాని సొంత ట్రాన్స్‌ఫార్మరే. పెట్టె కింద పడితే ఆ బరువు చాసిస్‌ని ఊడదీసి డయల్ మీదికి తోస్తుంది. కాబట్టి అడుగు బోల్టులు బిగించి, చాసిస్‌కీ చెక్కకీ మధ్య ఫోమ్ ముక్కలు ఇరికించండి. వాల్వులు ఊడదీసే ముందు ఫొటో తీసి, ఏది ఏ సాకెట్టుదో చీటీ అంటించి, విడిగా చుట్టండి. నాబ్‌లు సంచిలో వేయండి. ట్రాన్సిస్టర్ సెట్టయితే బ్యాటరీలు తీసేయాలి.

బబుల్ షీట్ పాలిష్‌కి నేరుగా తగిలితే మచ్చలు పడతాయి, ముందు నూలుగుడ్డ చుట్టండి. ఓ సిలికా జెల్ పొట్లం లోపల పడేయండి. తర్వాత పెట్టెలో పెట్టె, రెండింటి మధ్య అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల గట్టి ఫోమ్. ఊపితే లోపల కదలకూడదు. చెక్క పెట్టె చేయిస్తే వేడిచేసి శుద్ధి చేసినట్టు ముద్ర ఉన్న కలపే వాడాలి, లేదంటే కస్టమ్స్‌లో ఆగిపోతుంది. ప్లైవుడ్‌కి ఆ నిబంధన లేదు.

మూత వేసేముందు ప్రతి దశా ఫొటో తీసుకోండి, బీమా అడిగేది వాటినే. ప్లగ్‌కి ఓ అట్ట ముక్క కట్టి ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో రాయండి: ఇది 230 వోల్టుల సెట్టు, వాల్వులు పెట్టి పరీక్షించే వరకు కరెంటు ఇవ్వకండి.