సోడా బట్టీ: సమస్య - పరిష్కారం

సోడా బట్టీలో కుండలు బాగా కాలుతున్నప్పుడు సోడా నీళ్లు లోపలికి స్ప్రే కొడతాం, ఆ ఆవిరి మట్టికి అంటుకుని గాజు మెరుపవుతుంది. లెక్కలన్నీ 20 ఘనపుటడుగుల గ్యాస్ బట్టీకి, కోన్ 10 కాల్పుకి. కోన్ అంటే తన అంకెకి తగ్గ వేడికి వంగే చిన్న మట్టి కడ్డీ, అంకె పెరిగితే వేడి పెరిగినట్టు. సోడా యాష్ (నీరు లేని సోడియం కార్బొనేట్ పొడి) 1 కిలోతో మొదలుపెట్టండి. బట్టీ కొత్తదైతే ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి కాల్పుల్లో చాలా సోడా ఇటుకే తాగేస్తుంది.

కుండలన్నీ పొడిపొడిగా, మెరుపు లేకుండా వచ్చాయి

ముందు అనుమానించాల్సింది తూకాన్ని. సోడా యాష్, చాకలి సోడా, వంట సోడా మూడూ ఒకటి కావు. పలుకులుగా దొరికే చాకలి సోడాలో మూడొంతుల్లో రెండొంతులు నీళ్లే. కిలోకి 370 గ్రాముల సోడా యాషే లెక్కకొస్తుంది. కిలో వంట సోడా కాలితే 630 గ్రాములు మిగులుతుంది. అంటే 1 కిలో సోడా యాష్ బదులు చాకలి సోడా 2.7 కిలోలు, వంట సోడా 1.6 కిలోలు కావాలి.

తూకం సరిగానే ఉంటే వేడి చూడండి. కోన్ 8 వంగకముందే సోడా కొడితే మట్టిలోని సిలికా దాన్ని సరిగా పట్టుకోదు. కోన్ 8 పడ్డాక మొదలుపెట్టి, గంటన్నర నుంచి రెండు గంటల్లో పది పన్నెండు విడతలుగా ఇవ్వండి.

ఎప్పుడు ఆపాలో గడియారం చెప్పదు, ఉంగరం చెబుతుంది. కుండలు చేసిన మట్టితోనే పెన్సిలంత మందాన ఉంగరాలు చుట్టి, పైన నాలుగు, కింద నాలుగు, చూపు కన్నానికి ఎదురుగా నిలబెట్టండి. మూడు విడతలకోసారి ఇనుప చువ్వతో ఒకటి లాగి, చల్లారాక వెలుతురుకి వంచి చూడండి. మొదట నూనె రాసినట్టు పల్చటి నిగనిగ, తర్వాత నారింజ తొక్క మీదలా చిన్న చిన్న గుంటలు. రంగు మాత్రం నమ్మకండి. ఉంగరం ఒక్కసారిగా చల్లారుతుంది కాబట్టి దాని రంగూ కుండ రంగూ కలవవు.

సోడా చాలలేదని ఉప్పు కలపొద్దు. ఉప్పు కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ వస్తుంది. 1970లలో అమెరికా కుమ్మరులు సోడాకి మళ్లిందే ఆ పొగ తప్పించుకోవడానికి.

ఒకవైపు గాజులా ఉంది, వెనకవైపు ఎండిపోయింది

సోడా ఆవిరి ఉప్పు ఆవిరిలా గదంతా తిరగదు. మంట ఎటు పోతే అటు పోయి, ఎదురైన మొదటి మట్టికి అంటుకుంటుంది. కొంత తేడా ఈ పద్ధతికున్న అందమే, దాన్ని పూర్తిగా తీసేయాలనుకోకండి. మరీ ఎక్కువైతే సర్దుబాటు మార్చండి: కుండకీ కుండకీ మధ్య రెండు వేళ్ల సందు, పొడుగువి మంటకి అడ్డం రాకుండా వెనక్కి. రెండు బర్నర్ కన్నాల నుంచీ మార్చి మార్చి కొట్టండి. కొట్టిన వెంటనే డాంపర్ (పొగ దారిని మూసే పలక) సగం మూసి, రెండు నిమిషాలాగి తెరవండి. మూసినప్పుడు కన్నాల్లోంచి మంట బయటికి తన్నుతుంది, మొహం పక్కకి పెట్టుకోండి.

నాజిల్ మూసుకుపోతోంది

కిలో సోడా యాష్‌ని 4 లీటర్ల వేడినీళ్లలో కరిగిస్తాం. అది 20 డిగ్రీలకి చల్లారితే లీటరు నీళ్లు సుమారు 215 గ్రాములే పట్టుకుంటాయి, మిగిలింది పలుకై నాజిల్లో కూర్చుంటుంది. బకెట్ వేడిగా ఉంచండి, పల్చటి గుడ్డలో వడకట్టండి, విడతకీ విడతకీ మధ్య వేడినీళ్లు కొట్టండి. అల్యూమినియం గొట్టాన్ని సోడా తినేస్తుంది, స్టీలుదే వాడండి. వంట సోడా నీళ్లలో సోడా యాష్ కంటే తక్కువ కరుగుతుంది, స్ప్రేకి అంత అనువు కాదు. కళ్లద్దాలు, మాస్కు, పొడుగు తోలు గ్లవ్స్ లేకుండా ఈ పని చేయకూడదు.

కుండ మీద గాజు చారలు, పైనుంచి బొట్లు

చారలుంటే స్ప్రే నేరుగా కుండకి తగిలింది. కన్నానికి ఎదురుగా గట్టి ఇటుక నిలబెట్టి దాన్ని కొట్టండి, అక్కడ ఆవిరై లోపలికి పోతుంది. బొట్లు కప్పు నుంచి రాలినవి. ప్రతి కాల్పుకీ ముందు కప్పు గీకి, అలుమినా (ఈ వేడికి కరగని తెల్లపొడి) పూత వేయండి.

కోన్ 10 పడింది, మట్టి మాత్రం పచ్చిగానే ఉంది

సోడా ఆవిరి కోన్‌ని కూడా కరిగిస్తుంది, అందుకే తొందరగా వంగుతుంది. సోడా మొదలయ్యేదాకానే కోన్‌ని నమ్మండి. ఆ తర్వాతకి, ఇటుక ముక్కలతో మూడువైపులా మూసిన ఇంకో కోన్ సెట్ లోపల పెట్టుకోండి.

అడుగులు షెల్ఫ్‌కి, మూతలు కుండకి అతుక్కున్నాయి

అలుమినా హైడ్రేట్, చైనా క్లే సమపాళ్లలో కలిపి గోలీలు చేసి, అడుగున మూడు, మూత కింద మూడు నాలుగు పెట్టండి. షెల్ఫ్ పూత కూడా ఇదే. క్వార్ట్జ్ (సిలికా రాతిపొడి) చిటికెడు కూడా పడకూడదు, సోడా దాన్ని గాజు చేసేస్తుంది. కాల్పయ్యాక గోలీ బొటనవేలు ఒత్తిడికే పొడై రాలాలి. రాయిలా బిగుసుకుంటే అలుమినా తగ్గిందన్నట్టే.

ఆరెంజ్ మెరుపు రాలేదు

మట్టిలో ఇనుము ఎక్కువైనా, సోడా మరీ ఎక్కువైనా ఆ రంగు మునిగిపోతుంది. చైనా క్లే 80, నెఫిలిన్ సయనైట్ (వేడికి కరిగే రాతిపొడి) 20 పాళ్ల స్లిప్, అంటే నీళ్లలో కలిపిన మట్టి పూత, పల్చగా పూసి, సోడా పావువంతు తగ్గించి చూడండి.