సెకండ్ హ్యాండ్ ఫిషింగ్ రీలు కొంటున్నారా? మెత్తగా తిరుగుతోందని పడిపోకండి

మొదటిసారి పాత రీలు (గాలం రాడ్‌కి బిగించి లైను చుట్టే యంత్రం) కొన్నప్పుడు నేను చూసింది ఒక్కటే, హ్యాండిల్ మెత్తగా తిరుగుతోందా లేదా అని. తిరిగింది, వెన్నలో వేలు పెట్టి తిప్పినట్టు తిరిగింది. అమ్మినాయన "రెండుసార్లే వాడిన తమ్ముడూ, టైం దొరుకుత లేదు" అన్నాడు. నేను నమ్మేసి, బేరం కూడా సరిగ్గా ఆడకుండా ఫోన్లో డబ్బులు కొట్టేసి బైక్ ఎక్కాను. తర్వాతి ఆదివారం శంకర్‌పల్లి అవతల ఒక ఊరి చెరువులో బొచ్చె పడింది, నాలుగైదు కిలోలు ఉంటుంది (గట్టెక్కని చేప కాబట్టి పది కిలోలన్నా కాదనేవాళ్ళు లేరు). అది ఒక్క పరుగు తీయగానే డ్రాగ్ (చేప గుంజినప్పుడు లైనును కొంచెం కొంచెంగా వదిలే బ్రేకు) ముందు బిగుసుకుపోయింది, తర్వాత కుదుపులు కుదుపులుగా వదిలింది, మూడో కుదుపుకి లైను పట్‌మని తెగింది. ఇంటికొచ్చి పేపరు పరిచి రీలు విప్పితే లోపల గ్రీజు గడ్డపెరుగులా దట్టించి ఉంది. దాన్ని తుడిస్తే ఇత్తడి పొడి మెరిసింది, పినియన్ అనే చిన్న గేరు పళ్ళు అరిగిపోయాయి.

అరిగిన గేరు గరగరలాడకుండా ఉండాలంటే చిక్కటి గ్రీజు నింపితే చాలు, కొన్ని వారాలు వెన్నలాగే తిరుగుతుంది. అందుకే ఇప్పుడు నేను మెత్తదనం చూడను. నెమ్మదిగా తిప్పినప్పుడు ఏమంటోంది, బరువు పడ్డాక ఏమంటోంది అని చూస్తాను. ఇక్కడ రాసేదంతా ఎక్కువగా స్పిన్నింగ్ రీళ్ళ గురించే (రోటర్ అనే భాగం స్పూలు చుట్టూ తిరుగుతూ దాని మీద లైను చుట్టే రకం), మన దగ్గర చేతులు మారేవి ఎక్కువ అవే.

వెళ్ళే ముందే ఫోన్లో ఒక మాట అడగండి: "అన్నా, ఇది సముద్రానికి పోయిందా?" హైదరాబాద్‌లో అమ్ముతున్నారంటే చెరువు రీలే అనుకోవద్దు. వైజాగ్, గోవా ట్రిప్పులకు తీసుకెళ్ళినవి ఉంటాయి, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు అక్కడ వాడి తెచ్చినవి ఇంకా ఉంటాయి. ఇవి చూడ్డానికి పెద్దవి, మంచి కంపెనీవి, పైన నిగనిగలాడుతుంటాయి, లోపల ఉప్పు తన పని తాను చేసుకుపోతుంటుంది. ఉప్పు ముందు బయటపడేది మూలల్లో. లైనును స్పూలు మీదికి మళ్ళించే బెయిల్ తీగ రెండు చివర్లా ఉండే స్క్రూల చుట్టూ, లైన్ రోలర్ (బెయిల్ మూలలో లైను ఒరుసుకుంటూ వెళ్ళే చిన్న చక్రం) అంచుల్లో, స్పూలు తీసి చూస్తే దాని అడుగున తెల్లటి పొడి గానీ ఆకుపచ్చ చిలుము గానీ కనిపిస్తుంది. అల్యూమినియం బాడీ అయితే పెయింటు కింద చిన్న చిన్న బుడగలు లేస్తాయి, గోరుతో నొక్కితే పొర లేచొస్తుంది. ఆ బుడగలు చూశాక నేనైతే బేరం దాకా వెళ్ళను.

చెరువు రీళ్ళ రోగం వేరు. గట్టు మీద మట్టిలో పడేయడం, దుమ్ము, ఇసుక, దానికి తోడు ఎర. తవుడు, మైదా, పల్లిచెక్క కలిపిన చేత్తోనే హ్యాండిల్ తిప్పుతాం కదా, ఆ ముద్ద హ్యాండిల్ చివర పట్టుకునే నాబ్ సందుల్లో ఎండి సిమెంటులా అతుక్కుంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన కూడా వస్తుంది. నాకు ఇది పెద్ద తప్పు కాదు, పైగా ఇలాంటి రీలు అమ్మకం కోసం మెరుగులు దిద్దింది కాదని ఒక గుర్తు. నాబ్ విప్పి కడిగితే పోతుంది.

ఇంకో మాట, "దేనికి వాడారు?" అని కూడా అడగండి. కొరమీను కోసం కప్ప లూర్ (కప్ప ఆకారపు నకిలీ ఎర) వేసేవాళ్ళు తుంగలోంచి చేపను బలవంతంగా లాక్కొస్తారు, డ్రాగ్ బాగా బిగించి పెడతారు, దాంతో గేరు మీద భారం ఎక్కువ పడుతుంది. ఏ చేపకైనా రాడ్ ఎత్తి దగ్గరికి తెచ్చుకుని, రాడ్ దించుతూ లైను చుట్టాలి. రాడ్ ఊరికే పట్టుకుని హ్యాండిల్‌తోనే గుంజేవాళ్ళ చేతిలో రీలు బావి గిలక అయిపోతుంది, ఆర్నెల్లకే గేరు పళ్ళు మాట్లాడతాయి.

ఇక రీలు చేతికి వచ్చింది. అందరూ చేసేది ఏంటంటే హ్యాండిల్ గిర్రున తిప్పి, ఫ్యాన్‌లా తిరిగేది చూసి మురిసిపోవడం. వేగంగా తిరిగేటప్పుడు ఏ లోపమూ తెలియదు. ఒక పూర్తి చుట్టుకి ఐదారు సెకన్లు పట్టేలా చాలా నెమ్మదిగా తిప్పండి, ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి గోలలో అయితే రీలు కాలిని (రాడ్‌కి బిగించే భాగం) బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని బాడీని చెవి వెనక ఎముకకు ఆనించండి. నవ్వితే నవ్వనివ్వండి. ఎక్కడైనా టిక్‌మంటే, హ్యాండిల్ ఒక చుట్టుకి ఎన్నిసార్లు టిక్‌మంటోందో లెక్కపెట్టండి. చుట్టుకి ఒక్కసారే, అదీ హ్యాండిల్ ప్రతిసారీ ఒకే చోటికి వచ్చినప్పుడే అంటే, తప్పు పెద్ద గేరులోనో హ్యాండిల్ వైపో ఉంది. చుట్టుకి ఐదారు సార్లు అంటే రోటర్ వైపు, అంటే పినియన్‌గానీ దాని బేరింగుగానీ. రీలు మీద 5.2:1 అని రాసి ఉంటుంది చూడండి, హ్యాండిల్ ఒక్కసారి తిరిగితే రోటర్ 5.2 సార్లు తిరుగుతుందని దానర్థం, లెక్క అక్కడి నుంచే వస్తుంది. అలా కాకుండా స్పూలు పైకి చేరినప్పుడో కిందికి దిగినప్పుడో మాత్రమే పట్టేసినట్టుంటే, స్పూలును పైకీ కిందికీ ఆడించే భాగంలో గొడవ. బేరింగు అయితే కొన్ని వందలతో పోతుంది, గేరు అయితే స్పేర్ దొరకడమే కష్టం, దొరికినా పెద్ద గేరు, పినియన్ రెండూ జతగా మార్చాలి, ఒకటే మారిస్తే కొత్తదాన్ని పాతది తినేస్తుంది.

తర్వాత బరువు పెట్టి చూడాలి. లైను కొనను గేటుకో బైక్ హ్యాండిల్‌కో కట్టి, నాలుగడుగులు వెనక్కొచ్చి, స్పూలును ఒక చేత్తో కాస్త ఆపుతూ హ్యాండిల్ తిప్పండి. ఖాళీగా వెన్నలా తిరిగింది ఇక్కడ గరగరమంటే గ్రీజు నాటకం బయటపడినట్టే. నేను ఆ రోజు ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ బొచ్చె నా వంటింట్లో ఉండేది.

అదే కట్టిన లైనుతో డ్రాగ్ కూడా చూసేయొచ్చు. విమానం లగేజీ తూచే కొక్కెం తక్కెడ ఒకటి జేబులో వేసుకెళ్ళండి. తక్కెడను లైనుకి తగిలించి నెమ్మదిగా లాగాలి. లైను కదలడానికి ఎంత బలం పట్టింది, కదిలాక ఎంత పడుతోంది, ఈ రెంటికీ తేడా తక్కువగా ఉంటే డ్రాగ్ మంచిది. ముందు రెండు కిలోల దాకా మొరాయించి, కదలగానే కిలోకి పడిపోయి, మళ్ళీ రెండుకి ఎక్కుతుంటే, అదిగో అదే లైను తెంపేది. కారణం చాలాసార్లు చిన్నదే. డ్రాగ్ బిగించి నెలల తరబడి అటక మీద పెట్టేస్తే లోపలి ఫెల్ట్ వాషర్లు నలిగి అట్టలా అయిపోతాయి, వాషర్లు మారిస్తే రీలు మళ్ళీ లేస్తుంది. కాబట్టి దీనికి భయపడక్కర్లేదు, ధర తగ్గించుకోండి. పూర్తిగా బిగించినా స్పూలు చేత్తో తిరిగిపోతుంటే మాత్రం వాషర్లతో పోతుందో లేదో చెప్పలేం. ఎంత డ్రాగ్ కావాలి అంటే, లైను బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా. తొమ్మిది కిలోల లైనుకి రెండు నుంచి మూడు కిలోలు నిలకడగా ఇస్తే చాలు, డబ్బా మీద పన్నెండు కిలోలని రాసి ఉంటే మనకేంటి.

మిగతావి గబగబా చూసేయొచ్చు. లైన్ రోలర్‌ను లైను వేసి లాగి చూడండి, తిరగాలి. తిరగకపోతే లైను మెలిపడుతుంది, కొన్నాళ్ళకు చక్రం మీద గాడి పడి లైనును కోస్తుంది. స్పూలు అంచు చుట్టూ దూది తిప్పండి, పోగు పట్టుకుంటే అక్కడ గంటు ఉన్నట్టే. చిన్నదైతే నున్నటి సాండ్ పేపరుతో పోతుంది. హ్యాండిల్ తిప్పడం ఆపి వదిలేసి రోటర్‌ను వెనక్కి తోయండి, పది చోట్ల ఆపి పదిసార్లు తోయండి, ఒక్కసారైనా జారిందంటే వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్‌లో నూనె చేరిందనో అరిగిందనో అర్థం. కాలి దగ్గర, ముఖ్యంగా గ్రాఫైట్ బాడీ అయితే, వంపులో వెంట్రుకంత పగులు ఉందేమో సెల్ ఫోన్ టార్చ్ వేసి చూడండి, ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు. స్క్రూల తలలు నలిగి ఉంటే ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా విప్పారని, విప్పిన చేతికి పని రాదని, లోపల ఒక షిమ్ (సందు నింపే పలచటి రింగు) తక్కువైనా ఆశ్చర్యం లేదని.

లైను నిండా ఉన్న రీలు అయితే "లైను ఫ్రీ అన్నా, కొత్తదే" అంటారు. ఆ లైనుకి నేను పైసా కట్టను. కుదిరితే కొంత విప్పించి స్పూలు అడుగు చూస్తాను, తడి లైను కింద తుప్పు అక్కడే దాక్కుంటుంది. పదకొండు బేరింగులు, పదమూడు బేరింగులు అని చెప్పే లెక్క కూడా నా దృష్టిలో సున్నా. మంచి నాలుగు బేరింగులున్న రీలు పక్కన చవక పదమూడు నిలబడవు.

జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ లాంటి చోట్ల పాత సామాన్ల మధ్య ఎప్పుడైనా గుండ్రటి పాత ఆబు గార్సియా అంబాసడర్ రీలు కనిపిస్తే ఆగండి. స్వీడన్‌లో తయారైనవి, 1970ల చివర్లో, 80లలో వచ్చినవాటికి కాలి కింద కొట్టిన అంకెల్లో మొదటి రెండు సంవత్సరం, తర్వాతి రెండు నెల. 78, 06 అని ఉంటే 1978 జూన్. ఇలాంటివాటికి కింద చెప్పే లెక్క పనికిరాదు, అది ముచ్చటపడే ధర. బెయిట్ కాస్టర్లలో, అంటే ఈ అంబాసడర్ లాగా స్పూలే తిరిగే రీళ్ళలో, నేను చూసేది ముఖ్యంగా రెండే. బటన్ నొక్కి స్పూలును వేలితో కొడితే చప్పుడు లేకుండా ఎంతసేపు తిరుగుతుంది, ఇంకా లైనును అటూ ఇటూ పరిచే ముక్క ఎక్కడా తడబడకుండా పోతుందా.

ఇక ధర. ముందు అదే మోడల్ కొత్తది ఇవాళ ఎంతకు దొరుకుతోందో చూడండి, డబ్బా మీద ఎమ్మార్పీ కాదు, నిజంగా అమ్ముతున్న రేటు. అమ్మేవాళ్ళంతా ఎమ్మార్పీ నుంచి లెక్క మొదలుపెడతారు, అక్కడే మనం సగం ఓడిపోతాం. నా లెక్క ఇది, ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు: ఏ తప్పూ లేకుండా, బిల్లూ డబ్బా ఉండి, ఏడాది లోపుదైతే కొత్త రేటులో 60 శాతం దాకా. మామూలుగా రెండు మూడేళ్ళు చెరువులో తిరిగిందైతే 40 నుంచి 50. సముద్రం చూసిందైతే, పైకి ఎంత బాగున్నా, 30 దాటను. స్పేర్ స్పూలు ఉంటే కొంచెం కలుపుతాను. అందులోంచి రిపేరు ఖర్చు తీసేయాలి, నా తిరుగుడు ఖర్చు కూడా. ఉదాహరణకి కొత్తది 5000 అనుకోండి, మూడేళ్ళ చెరువు రీలు, 45 శాతం లెక్కన 2250. రోలర్ బేరింగు, డ్రాగ్ వాషర్లు కలిపి 400, విప్పి కడిగి మళ్ళీ గ్రీజు పెట్టడానికి ఒకరికిస్తే 500. తిరుగుడు ఖర్చు పక్కన పెట్టినా నేను 1350కి మించి ఇవ్వను. విప్పి కడిగి బేరింగు నేనే మార్చుకోగలను అనుకుంటే రాణీగంజ్‌లో బేరింగుల షాపుకి పాతది పట్టుకెళ్ళి అదే సైజు అడగండి, అప్పుడు ఆ 500 మీ జేబులోనే ఉంటుంది. కొత్తదే 1500 లోపు వచ్చే రీలును మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొనకండి, అందులో మిగిలేది ఏమీ ఉండదు.

ఒక జాగ్రత్త, పెద్ద జపాన్ కంపెనీ పేరుతో సగానికి సగం తక్కువ చెబితే పేరు అచ్చు, మోడల్ నంబరు కంపెనీ సైట్లో ఫొటోతో పోల్చి చూడండి, అక్షరాలు వంకరగా ఉన్నా, ఆ నంబరే లేకపోయినా నకిలీయేమో అని అనుమానించండి.

బేరంలో రేటు ముందు మీరు చెప్పకండి. లోపాలు ఒక్కొక్కటే అమ్మే ఆయన చేతే చూపించండి. "అన్నా, ఈ రోలర్ మీరే తిప్పండి ఒకసారి" అంటే ఆయనే తిప్పి, తిరగకపోతే, ఆయనే "అవునన్నా, కొద్దిగ జామైంది" అంటాడు. మనం తిట్టి తగ్గించినదానికంటే అమ్మేవాడే ఒప్పుకుని తగ్గించింది ఎక్కువ ఉంటుంది, ముఖాలు కూడా చెడవు. నేను ఈ మధ్య అలా ఒక రీలు మెహిదీపట్నంలో ఒక పెద్దాయన దగ్గర తీసుకున్నాను, 2000 అన్నారు, రోలర్ చూపించాక "చాచా, 1400" అన్నాను. ఆయన రీలు మళ్ళీ చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా నాలుగు చుట్లు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "గేరు సాఫ్‌గుంది గదా బేటా," అన్నారు, "1600." ఇచ్చేశాను. అలా వినేవాడి రీలు అంతకంటే తక్కువకి అడగలేం.