గ్రాఫిక్ నవలను చదవడం ఎలా: ‘మౌస్’ ఉదాహరణగా

చందమామతో పెరిగినవారికి, బొమ్మలూ మాటలూ కలిసి కథ చెప్పే గ్రాఫిక్ నవల చేతికి వస్తే, ఎదురయ్యే మొదటి చిక్కు చదివే అలవాటులోనే ఉంటుంది. చందమామలో కథంతా అక్షరాల్లోనే నడిచేది. శంకర్ గీసిన బేతాళుణ్ణి ఎంత ఇష్టంగా చూసుకున్నా, ఆ బొమ్మను దాటేసి చదివితే కథలో ఒక్క ముక్క కూడా తప్పిపోయేది కాదు. అదే అలవాటుతో గ్రాఫిక్ నవలలోని మాటల బుడగలను మాత్రమే చదువుకుంటూ పోతే, దాదాపు మూడు వందల పేజీల పుస్తకం ఒక్క పూటలో ముగిసి, ‘ఇంతేనా’ అనిపిస్తుంది. నేను ‘మౌస్’ను మొదటిసారి సరిగ్గా అలాగే చదివి పక్కన పడేశాను.

పోలెండు యూదుడైన తన తండ్రి వ్లాడెక్ ఆష్విట్జ్ అనే నాజీల మరణశిబిరం నుంచి బతికి బయటపడిన వృత్తాంతాన్ని ఆర్ట్ స్పీగెల్‌మన్ ఇందులో రెండు భాగాలుగా, 1986లోనూ 1991లోనూ ప్రచురించాడు. 1992లో దీనికి ప్రత్యేక పులిట్జర్ పురస్కారం లభించింది. ఇందులో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలెండు వారు పందులు.

పేజీ తిప్పగానే మాటల జోలికి పోకుండా, పుస్తకాన్ని కాస్త దూరంగా పట్టుకుని పేజీ మొత్తాన్ని ఒకసారి చూడండి. మొదటి భాగంలో వ్లాడెక్, అతని భార్య ఆన్యా దాక్కునే చోటు లేక నడిచిపోతూ ఉంటారు. మాటల్లో ఉన్నది, ఎక్కడికి పోవాలో తెలియలేదన్న సంగతి మాత్రమే. బొమ్మలో వారి ముందున్న దారులు స్వస్తిక ఆకారంలో చీలి ఉంటాయి, అంటే ఎటు నడిచినా నాజీల గుర్తు మీదే నడుస్తున్నారన్నమాట. ఆ సంగతి ఏ బుడగలోనూ రాసి ఉండదు.

తరువాత చూడవలసినది, ఒక్కో బొమ్మను గీసిన గడికీ గడికీ మధ్య వదిలిన తెల్లటి సందు. స్కాట్ మెక్‌క్లౌడ్ అనే అమెరికన్ చిత్రకారుడు 1993లో దీన్ని బొమ్మలతోనే వివరించాడు: ఒక గడిలో గొడ్డలి ఎత్తిన మనిషి ఉంటాడు, పక్క గడిలో రాత్రివేళ నగరం మీద ఒక కేక మాత్రమే ఉంటుంది. వేటు పడడాన్ని ఎక్కడా గీయలేదు కనుక, ఆ వేటు వేసినది పాఠకుడే. ఇలాంటి సందు దగ్గర ఒక్క క్షణం ఆగడం అలవాటైతే చదువు వేగం దానంతట అదే తగ్గుతుంది. నిజానికి ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. బాపు కార్టూన్ కింది వ్యాఖ్య చదివి, మళ్లీ బొమ్మలోని ముఖం చూసి, అప్పుడు కదా నవ్వేవాళ్లం.

మాటలను కూడా చెవితో చదవాలి. కొడుకుకు కథ చెబుతున్న ముసలి వ్లాడెక్ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా, పదాలు తారుమారై ఉంటుంది. అదే మనిషి యౌవనంలో పోలెండులో మాట్లాడే మాటలు సాఫీగా సాగుతాయి, ఎందుకంటే అప్పుడు అతడు మాట్లాడుతున్నది తనకు బాగా వచ్చిన భాషలో. బుడుగు నోట మాటలను విని ఆనందించిన తెలుగు పాఠకులకు ఈ తేడా పట్టుకోవడం కష్టం కాదు.



రెండోసారి చదివేటప్పుడు ముసుగుల మీద దృష్టి పెట్టండి. యూదులు పోలెండు వారిగా నటించవలసి వచ్చినప్పుడు పంది ముసుగు తగిలించుకుంటారు. రెండో భాగంలో రచయిత తానే మనిషి తలకు ఎలుక ముసుగు కట్టుకుని బల్ల ముందు కూర్చుంటాడు, ఆ బల్ల కింద శవాల గుట్ట ఉంటుంది. ఆఖరి పేజీలో మంచం మీది వ్లాడెక్, కథలు ఇక చాలంటూ కొడుకును వేరే పేరుతో, రిష్యూ అని పిలుస్తాడు. ఆ పేరు ఎవరిదో గుర్తు రాకపోతే పుస్తకం మూయకుండా, రెండో భాగం మొదట్లో ఉన్న పసివాడి ఫోటో దగ్గరకు వెనక్కి వెళ్లండి.